నాన్నగారి కంటి పుండుకి నానో చుక్కలు దొరుకుతాయా?

షుగర్ ఉన్న నాన్నగారికి నల్లగుడ్డు మీద పుండు నెల దాటినా మానడం లేదని, నానో చుక్కలు (మందును అతి సూక్ష్మ కణాల్లో నింపిన కంటి చుక్కలు) ఎక్కడ దొరుకుతాయని అడిగారు. సూటిగా చెప్తానండీ, షుగర్ పుండుకి ఆ మందులు ఇంకా ల్యాబుల్లో, ఎక్కువగా ఎలుకల మీద ప్రయోగాల దశలోనే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ఎవరైనా అమ్ముతుంటే కొనకండి.

ఆలోచన మాత్రం మంచిదే. మామూలు చుక్క కన్నీళ్లతో నిమిషాల్లో కొట్టుకుపోతుంది, లోపలికి చేరేది 5 శాతం లోపే. రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్ లాంటి వాటితో చేసిన నానో కణాలు కంటి పొరకి అంటుకుని మందును మెల్లగా వదులుతాయి.

అసలు తిరకాసు నరాలది. షుగర్ కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) నరాలను దెబ్బతీస్తే స్పర్శ తగ్గుతుంది, పై పొర త్వరగా పూడదు. నొప్పి లేదని ఆయన తేలిగ్గా తీసుకుంటున్నారన్నారే, నాకు టెన్షన్ అక్కడే! కార్నియా డాక్టరు దగ్గర స్పర్శ పరీక్ష చేయించండి. ప్రిజర్వేటివ్ లేని చుక్కలు, పుండును కప్పి కాపాడే బ్యాండేజ్ లెన్సు, సొంత రక్తంతో చేసే సీరం చుక్కలు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. నరాలు కోలుకోవడానికి సెనెజెర్మిన్ అనే మందుకి అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది, ఖరీదు మాత్రం భయపెడుతుంది.

మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేయకండి. ఎరుపు, చీము, చూపు మసకబారడం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.