Re: శ్రీనగర్‌లో మంచు, అమ్మానాన్న ఇరుక్కుపోయారు, బెంగళూరు టికెట్ క్యాన్సిల్ చేయమంటారా?

తమ్ముడూ, ముందు ఆ టికెట్ నువ్వు క్యాన్సిల్ చేయకు, నువ్వు చేస్తే ఛార్జీలు కోస్తారు, ఎయిర్‌లైన్ వాళ్ళే రద్దు చేసేదాకా ఆగితే వేరే ఫ్లైట్ అయినా ఇవ్వాలి, ఫుల్ రీఫండ్ అయినా ఇవ్వాలి. వాతావరణం వల్ల రద్దయితే పరిహారం మాత్రం రాదు, దానికోసం గొడవపడి టైం వేస్టు.

టాక్సీ వాడు జమ్మూ దాకా దించేస్తానంటే నమ్మొద్దని చెప్పు. బెంగళూరులో మన హెబ్బాళ మీదుగా ఎయిర్‌పోర్టుకి పోయే 44వ నంబరు హైవేనే అక్కడా ఉన్నది, కాకపోతే రాంబన్-బనిహాల్ దగ్గర కొండచరియలు విరిగిపడితే గంటలు కాదు, రోజులు ఆగిపోవచ్చు (మన సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ దీని ముందు స్వర్గం!).

2025 జూన్ నుంచి శ్రీనగర్-కట్రా (జమ్మూ వైపు, వైష్ణోదేవికి దిగే ఊరు) వందే భారత్ నడుస్తోంది కదా, దాదాపు 3 గంటలే, పీర్ పంజాల్ కొండలు సొరంగంలోంచి దాటేస్తుంది, రోడ్డు మూసినా రైలు నడిచే ఛాన్స్ ఎక్కువ. సీట్లు మాత్రం ఇప్పుడే చూడు, అందరూ దాని మీదే పడతారు. కట్రా నుంచి ఢిల్లీకి రైలు, అక్కణ్ణుంచి బెంగళూరు ఫ్లైట్, కానీ జనవరి పొగమంచు కదా, పొద్దున్నది కాకుండా మధ్యాహ్నం ఫ్లైట్ తీసుకో.

నాన్నగారి బీపీ మాత్రలు ఎన్ని రోజులకి ఉన్నాయో ఈరోజే అడుగు.