ఇసుకను కొలిచే చదువు అన్నం పెడుతుందా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కణేకల్లు ప్రాంతం. మా అమ్మాయి గణితం, భౌతికశాస్త్రం, భూగర్భశాస్త్రంతో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. గాలి ఇసుకను ఎలా మోసుకెళుతుందో కొలిచే పరిశోధన చేస్తానంటోంది. మా ఐదెకరాల్లో రెండెకరాలు ఇప్పటికే ఇసుక కింద పోయాయి, ఇక అమ్మాయిని కూడా ఇసుకపాలు చేయాలా? డేటా సైన్స్ చదవడానికి విదేశాలకు పంపమని బంధువులు అంటున్నారు. మిగిలిన మూడెకరాలు బ్యాంకులో పెట్టయినా పంపుతాం. రెండింటినీ పోల్చి చెప్పండి. - ఒక తండ్రి

జవాబు: అయ్యా, సబ్జెక్టు పేరు మారుతుంది గాని ఈ ఉత్తరం నాకు ఏటా వస్తూనే ఉంటుంది. పక్షుల మీద పరిశోధన చేస్తానన్న అబ్బాయి తండ్రీ, శాసనాలు చదువుతానన్న అమ్మాయి తల్లీ నన్ను అడిగింది ఇదే. మీరు జీతం ఎంతని అడగలేదు, బంధువులు ఏమంటున్నారో రాశారు. పెళ్లిళ్లలో ఎవరైనా ‘మీ అమ్మాయి ఏం చేస్తోంది?’ అంటే ఏమని చెప్పాలన్నదే మీ అసలు బెంగ అని నాకు అనిపిస్తోంది.

మీరు తేలిగ్గా తీసేసిన ఈ చదువు అచ్చమైన భౌతికశాస్త్రం. బ్రిటిష్ సైన్యంలో ఇంజినీరుగా పనిచేసిన రాల్ఫ్ బాగ్నాల్డ్ లిబియా ఎడారిలో తిరిగి, ఆ తరువాత లండన్‌లో గాలి సొరంగం (కావలసిన వేగంతో గాలిని వీయించే గొట్టం) కట్టి ప్రయోగాలు చేసి, 1941లో ప్రచురించిన గ్రంథంతో దీనికి పునాది వేశారు. దుమ్ములాగా ఇసుక ఆకాశానికి లేచిపోదు, గెంతుతుంది. ఒక రేణువు లేచి, కొంత దూరం పోయి, పడినచోట మరికొన్నింటిని లేపుతుంది. ఆషాఢంలో మీ గట్టు మీద నిలబడితే ఇసుక ముఖం కంటే పిక్కలకే ఎక్కువగా కొట్టడానికి కారణం అదే. గాలి వేగం రెట్టింపైతే అది మోసే ఇసుక సుమారు ఎనిమిది రెట్లవుతుందన్నది బాగ్నాల్డ్ సూత్రం సారాంశం. రోజంతా మెల్లగా వీచిన గాలి చేయలేని పనిని అరగంట ఈదురుగాలి చేసి పోతుంది.

కొలిచే సాధనాన్ని చూస్తే మీకు నవ్వొస్తుంది. నిలువుగా పాతిన కడ్డీకి వేర్వేరు ఎత్తుల్లో రేకు డబ్బాలు బిగిస్తారు, తోకరెక్క ఉండడం వల్ల ప్రతి డబ్బా మూతి గాలికి ఎదురుగా తిరుగుతుంది. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని బిగ్ స్ప్రింగ్‌లో 1980లలో రూపొందిన ఇటువంటి డబ్బాలను ఇప్పటికీ ఎన్నో దేశాల్లో వాడుతున్నారు. గాలి ఆగాక డబ్బా విప్పి, ఇసుకను ఆరబెట్టి, తూచి, ఎత్తు వారీగా రాసుకోవాలి. అన్నిటికంటే కింది డబ్బా నిండుగా, పైడబ్బా దాదాపు ఖాళీగా ఉంటుంది. మరోవైపు 1972 నుంచి ల్యాండ్‌శాట్, 2015 నుంచి సెంటినెల్-2 తీసిన ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతున్నాయి కనుక, చాద్ దేశంలోని బోడెలే పల్లంలో నెలవంక ఆకారపు దిబ్బలు ఏడాదికి పదుల మీటర్ల మేర జరగడాన్ని ఇంట్లో కూర్చుని కొలవవచ్చు. 1979లో అమెరికా భూగర్భ సర్వే ప్రపంచ ఇసుక సముద్రాలపై, అంటే విశాలమైన ఇసుక దిబ్బల ప్రాంతాలపై, వెలువరించిన అధ్యయనంలో, వాతావరణ కేంద్రాల గాలి లెక్కల నుంచే ఇసుకను మోయగల శక్తిని అంచనా కట్టే పద్ధతి ఉంది. అయితే ఆ లెక్క చెప్పేది గాలి సత్తా మాత్రమే. నేల తడిగా ఉందా, గడ్డి పట్టుకుని ఉందా, నిజంగా ఎంత ఇసుక కదిలింది అన్నది డబ్బా పెట్టినవారికే తెలుస్తుంది.

నా అనుమానమంతా ఇక్కడే. డేటా సైన్స్ చెడ్డదని నేననను, మీ అమ్మాయి ఏ దారిన వెళ్లినా పైథాన్ అనే కంప్యూటరు భాష, గణాంకశాస్త్రం రాకపోతే కుదరదు కూడా. కాని చేతిలో మరో విద్య లేకుండా అదొక్కటే నేర్చుకోవడానికి అప్పుచేసి సముద్రాలు దాటడం నాకు మింగుడుపడడం లేదు. అలా చదివి వచ్చిన ఒక అబ్బాయి నా ఎదుట కూర్చుని తన ప్రాజెక్టును ఎంతో చక్కగా వివరించాడు. ఈ అంకెలు ఎవరు కొలిచారు, ఏ పరికరంతో కొలిచారు అని అడిగితే, ‘ఇంటర్నెట్‌లో దొరికాయి సర్’ అన్నాడు. గంటకొక సగటు గాలి వేగాన్ని కంప్యూటరుకు ఇస్తే, అసలు పని చేసిన ఆ ఈదురుగాలి సగటులో కలిసిపోతుందని ఊహించాలంటే ఒక్కసారైనా ఇసుకలో నిలబడి ఉండాలి.

కటువుగా ఉన్నా ఒక మాట అంటాను. రెండెకరాలు ఇసుక పాలైతే కుమిలిపోయిన మీరు, మిగిలిన మూడెకరాలను మీ చేతులతోనే తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డారు. అది అమ్మాయి కోరితే కాదు, బంధువులు అన్నారని. వేదవతి నది ఎండిన పాయ నుంచి లేచిన ఇసుక మీ చేలో పడుతుంటే చూస్తూ పెరిగిన పిల్లకు ఈ ప్రశ్న ఎక్కడి నుంచి పుట్టిందో మీకు తట్టకపోవడం నాకు వింతగా ఉంది. మీరు ఆమెను ఎప్పుడైనా అడిగారా?

పోల్చమన్నారు కాబట్టి చెబుతున్నాను. డేటా సైన్స్‌లో ఉద్యోగాలు ఎక్కువ, పోటీదారులూ ఎక్కువే. ‘ఇసుకను కొలిచేవారు కావలెను’ అన్న ప్రకటన మన దేశంలో మీకు కనబడదు. కాని భూగర్భశాస్త్రంలో ఎం.ఎస్సీ. చేసినవారికి యూపీఎస్సీ పరీక్ష ద్వారా భారత భూగర్భ సర్వేలో ఉద్యోగాలున్నాయి, హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం వంటి చోట్ల ఉపగ్రహ చిత్రాల పని ఉంది. థార్ ఎడారి దిబ్బల మీద ముళ్లకంపలతో గళ్లు కట్టి, వాటి మధ్య మొక్కలు నాటి ఇసుకను నిలిపే పద్ధతిని తీర్చిదిద్దిన ఎడారి పరిశోధన సంస్థ జోధ్‌పూర్‌లో ఉంది. పరిశోధన విద్యార్థులకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) సాధిస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తోంది, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి నాలుగైదేళ్లు పట్టినా మీరు అప్పు చేయనక్కరలేదు. ప్రవేశ పరీక్షల సంగతి ఆమెకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది. ఎడారిలో ఆడపిల్ల ఒంటరిగా తిరగాలేమోనన్న భయం కూడా మీకు ఉండవచ్చు. క్షేత్రపరిశోధనకు బృందంగానే వెళతారు, ఏడాదిలో ఎక్కువ కాలం గడిచేది కంప్యూటరు ముందే.

ఇప్పుడే ఏదీ తేల్చకండి. పరీక్షలు కాగానే గాలికాలం మొదలవుతుంది. ఊళ్లో రేకుపని చేసేవారి చేత నాలుగు డబ్బాలు చేయించి, ఒక డిజిటల్ త్రాసు కొనివ్వండి. శ్రావణం దాటేవరకు రోజూ సాయంత్రం తూచి రాయడం ఆమెకు విసుగనిపిస్తే డేటా సైన్స్ ఎక్కడికీ పోదు. అనిపించకపోతే ఆ నోటు పుస్తకాన్ని తీసుకుని ఇద్దరూ నా దగ్గరికి రండి. ఇసుక మీ చేలోకి ముందుగా ఏ మూల నుంచి దిగుతుందో ఆమె కంటే మీకే బాగా తెలుసు కనుక, కడ్డీ ఎక్కడ పాతాలో మీరే చూపించండి.