నూనె శాతం చూసి మోసపోకండి, నేను మోసపోయాను

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో బయోడీజిల్ కోసం నూనె శాతం ఎక్కువున్న మైక్రో ఆల్గేనే (కంటికి విడిగా కనిపించని సూక్ష్మ పాచి) తీసుకోవాలా అని అడిగారు. ఆ శాతం వెంట పడే నేను నాలుగు నెలలు పోగొట్టుకున్నాను.

మా గైడ్ వద్దన్నా వినకుండా బోట్రియోకాకస్ బ్రౌనీ అనే ఆల్గే తెప్పించాను. కొన్ని రకాల్లో ఎండు బరువులో సగానికి సగం హైడ్రోకార్బన్లేనని (నూనె లాంటి పదార్థాలు) చదివి మురిసిపోయాను. రెట్టింపవడానికి రోజులకు రోజులు తీసుకుంటుందన్న ముక్క మాత్రం కంటికి ఆనలేదు. పక్క బల్ల మీద జూనియర్ పెంచిన క్లోరెల్లా అనే మరో ఆల్గే వారానికే చిక్కబడింది. నా ఫ్లాస్కు నెలయినా గోంగూర కడిగిన నీళ్లలాగే ఉంది.

లీటరుకి రోజుకి ఎంత నూనె చేతికొస్తుందో చూడండి. ఎండు బరువు రోజుకి 50 మిల్లీగ్రాములు పెరిగి అందులో 50 శాతం నూనె ఉంటే దక్కేది 25. 200 పెరిగేది 22 శాతమే ఇచ్చినా 44.

ఆల్గేకి నత్రజని అందించే నైట్రేట్ ఆపితే నూనె పెరగదా అంటారేమో. పెరుగుతుంది. తర్వాత క్లోరెల్లాకి మారి, బీజీ-11 అనే పోషక ద్రావణంలో లీటరుకి 1.5 గ్రాములు వేసే సోడియం నైట్రేట్ మానేశాను. పదో రోజు నూనెకి అంటుకుని వెలిగే నైల్ రెడ్ రంగు వేసి ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపులో చూస్తే ఎర్రటి కణాల్లో బంగారు రంగు బొట్లు! ఆ సంబరం సెంట్రిఫ్యూజ్ (గిరగిరా తిప్పి కణాలను అడుక్కి దించే యంత్రం) దాకానే. నైట్రేట్ వేసిన ఫ్లాస్కుతో పోలిస్తే ట్యూబు అడుగున ముద్ద సగం కూడా లేదు. అమెరికాలో 1978 నుంచి 1996 దాకా ఆల్గే ఇంధనం కోసం నడిచిన అక్వాటిక్ స్పీషీస్ ప్రోగ్రామ్‌లో 3000 రకాలు సేకరించి 300కి వడగట్టారు. ఇలా నత్రజని లేకుండా పస్తు పెడితే నూనె శాతం పెరిగినా మొత్తం దిగుబడి పెరగదని వాళ్లకీ తేలింది. పైగా ల్యాబులో మెరిసిన రకాలు బయటి చెరువుల్లో నిలవలేదు, స్థానిక రకాలే వచ్చి ఆక్రమించాయి.

కాబట్టి కొనేముందు మీ చుట్టుపక్కల వెతకండి. మే నెలలో డాబా మీద పెట్టిన నా క్లోరెల్లా టబ్బు మధ్యాహ్నానికి 42 డిగ్రీలకి చేరి, మర్నాటికి వెలిసిపోయింది. అదే డాబా మీది తొట్టి గోడకి పట్టిన పాచి గీకి పెంచితే సీనిడెస్మస్ అనే ఆల్గే వచ్చింది. నూనె తక్కువే, కానీ ఎండకి తట్టుకుంది. రాత్రి కదపకుండా వదిలేస్తే తెల్లారేసరికి చాలావరకు అడుక్కి దిగేది, సెంట్రిఫ్యూజ్ పని తగ్గింది.

ఒక జాగ్రత్త: క్లోరెల్లా కణాల గోడ గట్టిది, నైల్ రెడ్ సరిగా ఎక్కదు. రంగు లోపలికి దిగేలా కాస్త డీఎంఎస్ఓ అనే ద్రావకం కలపండి. అయినా ఆ వెలుగు చూసి అంకెలు రాయకండి. క్లోరోఫాం-మెథనాల్‌తో నూనె తీసి, ఆరబెట్టి తూచిందే థీసిస్‌లో పెట్టండి.