సమాధానం: గ్రూపులో అందరూ "బాగుంది" అనే పెడుతుంటే

మేడమ్, ఏడో తరగతికి వాట్సాప్‌లో పుస్తక చర్చ మొదలుపెడితే ఇద్దరు ముగ్గురే రాస్తున్నారనీ, మిగతావాళ్లు "బాగుంది" అని పెట్టి ఊరుకుంటున్నారనీ రాశారు. నాకైతే చిక్కంతా ప్రశ్నలోనే కనిపిస్తోంది. "కథ ఎలా ఉంది?" అంటే ఎవరైనా అదే చెప్తారు. "ఆ పిల్లవాడు అబద్ధం ఎందుకు ఆడాడు? కథలో ఏ వాక్యం చూసి అలా అనుకున్నావు?" అని అడగండి. వాక్యం, పేజీ నంబరు తప్పనిసరి చేయండి. దాన్ని వెతకాలంటే మళ్లీ చదవాల్సిందే, మనకు కావలసిందీ అదే.

నలభై మందిని ఒకే గ్రూపులో పెట్టకండి. ఐదుగురు చొప్పున విడగొడితే మాట్లాడని పిల్లలూ నోరు విప్పుతారు. మొదటి జవాబును అందరూ కాపీ కొట్టకుండా ముందు క్లాసులోనే నోట్‌బుక్‌లో రాయించి, ఇంటికెళ్లాక పెట్టమనండి. టైపింగ్ రానివాళ్లకు వాయిస్ మెసేజ్ చాలు. గ్రూపులో అక్షరదోషాలు మాత్రం దిద్దకండి, ఒక్కసారి దిద్దితే సగంమంది మళ్లీ రాయరు. మీరు వెంటనే జవాబు చెప్పకుండా ఒక రోజు ఆగితే వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు.

వాట్సాప్ వాడాలంటే కనీసం 13 ఏళ్లుండాలి కాబట్టి అమ్మానాన్నల నంబర్లే చేర్చండి. ఫోన్ లేని పిల్లల నోట్‌బుక్ పేజీని మీరే ఫోటో తీసి పెట్టండి.

పుస్తకాలకు, పిల్లల పుస్తకాలు ప్రచురించే ప్రథమ్ బుక్స్ సంస్థ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. అక్కడి మూడు, నాలుగు పఠన స్థాయిల్లోంచి ఒక చిన్న కథతో వచ్చే వారమే మొదలుపెట్టండి.