నడుము నుంచి పిక్క దాకా లాగుతోంది: నరమా, కండరమా, ఫాసియానా?

మీ నాయన యెమ్మిగనూరులో మగ్గం నేస్తారని, నడుము నుంచి పిక్క దాకా లాగుతోందని, ఎమ్మారైలో పెద్దగా ఏమీ కనిపించలేదని రాశారు. ఒకరు నరం అన్నారు, ఒకరు కండరం అన్నారు, మసాజ్ చేసే ఆయన ఫాసియా బిగుసుకుందన్నాడు, ఎవరి మాట నమ్మాలని మీ ప్రశ్న. నేను కర్నూలులో ఫిజియోథెరపిస్టుని. మా పెదనాయన కూడా గుంత మగ్గం నేసినవాడే. యెమ్మిగనూరు, కోడుమూరు వైపు నుంచి మగ్గం పనివాళ్ళు ఇదే బాధతో నా దగ్గరికి వస్తుంటారు. ఆ ముగ్గురి మాటలోనూ నిజముంది. అయితే ఈ మూడింటినీ విడదీసి వైద్యం చేయబోతే పని జరగదు.

ఫాసియా మీరు చూడనిదేమీ కాదు. యాట మాంసం కోసేటప్పుడు ముక్క మీద తెల్లగా, పలుచగా ఒక పొర లేస్తుంది చూడండి, అదే. ప్రతి కండరం మీదా ఆ పొర ఉంటుంది, లోపల పోగుల కట్టలకీ, ఒక్కో పోగుకీ ఇంకా సన్నని పొరలుంటాయి. నరానికి కూడా ఇలాంటి తొడుగులే. పొరల మధ్య హైలురోనిక్ ఆమ్లం ఉన్న జిగురు ద్రవం ఉండబట్టి అవి ఒకదాని మీద ఒకటి జారుతాయి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే ఆ జారుడు తగ్గుతుంది. లేవగానే పట్టేసినట్టు ఉండటానికి అదొక కారణం.

ఇక మీ నాయన పని సంగతి. కాలితో తొక్కాలంటే వెన్నుపాము నుంచి నరం కబురు తేవాలి. నరం కొసన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది, కండర పోగు లోపల కాల్షియం వెలువడుతుంది, పోగు కురచబడుతుంది. ఆ బలం కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయువు గుండా ఎముకకి చేరుతుంది, కొంత పక్క పొరల్లోకీ పాకుతుంది. నడుము వెనక థొరాకోలంబార్ ఫాసియా అని వెడల్పాటి గట్టి పొర ఒకటుంది. చేతిని కిందికి లాగే వీపు కండరమూ, పిరుదు కండరమూ రెండూ దానికే అతుక్కుని ఉంటాయి. మగ్గంలో పోగును అటూ ఇటూ నడిపే నాడె తాడు లాగినా, కాళ్ళ కింద కర్ర తొక్కినా ఆ లాగుడు అక్కడికే చేరుతుంది. నొప్పిని పసిగట్టే నరాల కొసలు ఆ పొరలో ఉన్నాయి. కాబట్టి డిస్కు బాగున్నా నడుము నొప్పి రావచ్చు. స్కాన్‌లో ఏమీ లేదు కదా, ఆయనది ఉత్త టెన్షన్ అని ఇంట్లో ఎవరినీ అననివ్వకండి. ఆ మాట మనిషిని చాలా బాధపెడుతుంది.

కాలికి పాకే లాగుడులో నరం పాత్ర ఎంతో ఇంట్లోనే కొంత తెలుస్తుంది. ఆయన్ని కుర్చీ అంచున వీపు వంచి, గడ్డం ఛాతీకి ఆనించి కూర్చోబెట్టండి. మెల్లగా మోకాలు చాపి, పాదం వేళ్ళు తనవైపు లాక్కోమనండి. లాగుడు మొదలవగానే ఆపి, కాలు కదపకుండా తల మాత్రం పైకెత్తమనండి. అప్పుడు లాగుడు తగ్గితే గమనించాల్సిన విషయమే. మెడ నుంచి తొడకి పోయే కండరం ఏదీ లేదు, తల ఎత్తినంత మాత్రాన తొడ వెనక కండరం పొడవు మారదు. మారింది మెదడు నుంచి వెన్నుపాము మీదుగా పాదం దాకా సాగే నరాల దారిలోని బిగువు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకీ కొంత లాగుడు ఉంటుంది కనుక రెండు కాళ్ళనూ పోల్చి చూడండి. నొప్పి ఎక్కువైతే వెంటనే ఆపేయండి.

నరం పక్క పొరల మధ్య జారుతూ ఉండాలి. తొడ వెనక లావుపాటి సయాటిక్ నరం మోకాలు చాపినప్పుడల్లా కొంత కదులుతుంది. ఆ కదలిక కుదరక నరం చిరాకు పడితే చుట్టూ ఉన్న కండరాలు కాపలాగా బిగుస్తాయి. బిగుసుకున్న కండరాన్ని బలంగా సాగదీస్తే నరం ఇంకా రేగుతుంది. అందుకే నేను మొదట సాగదీయించను, జారే వ్యాయామం ఇస్తాను. అదే కుర్చీలో మోకాలు చాపుతూ తల ఎత్తాలి, మోకాలు మడుస్తూ తల దించాలి. ఒక కొస లాగుతుంటే ఇంకో కొస వదులవుతుంది కాబట్టి నరం బిగుసుకోకుండానే జారుతుంది. నొప్పి రానంత వరకే, పూటకి కాసేపు చాలు. దీనితోపాటు అరగంటకోసారి మగ్గం గుంతలోంచి లేచి నాలుగడుగులు వేయాలి. పని ఆగిపోతుందని ఒప్పుకోరు, నాకు తెలుసు. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువ మేలు జరిగింది మాత్రం ఆ లేవడం వల్లనే.

మసాజ్ వద్దనను. కానీ ఫాసియాను విరగ్గొడతాం, గడ్డలు కరిగిస్తాం అని ఒళ్ళు కమిలేలా రుద్దేవాళ్ళను నమ్మకండి. తొడ పక్క పొర, అరికాలి పొర చేతి నొక్కుడుకి సాగేంత మెత్తనివి కావు. నొక్కినప్పుడు హాయిగా అనిపించేది అక్కడి నరాలు మెదడుకి పంపే కబురు మారడం వల్ల. అందుకు మెత్తగా నొక్కినా సరిపోతుంది.

మూత్రం, మలం అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా వ్యాయామాలన్నీ పక్కన పెట్టి, అర్ధరాత్రయినా సరే కర్నూలు సర్వజన ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకురండి. నరాల బాధకి అవీ కారణం కావచ్చు కాబట్టి షుగర్ ఉందో లేదో, విటమిన్ బి12 ఎంతుందో కూడా ఈ వారంలోనే రక్త పరీక్ష చేయించండి.