ఆమినస్‌కీ డ్రెడ్‌ఫుల్‌కీ తేడా ఏంటి?

ఈ రెండు ఇంగ్లీషు మాటలకీ (ominous, dreadful) డిక్షనరీలో ‘భయంకరమైన’ అనే ఉంది, ఎప్పుడు ఏది వాడాలి అని ఒకరు అడిగారు. కీడు ఇంకా జరగలేదు, కానీ జరగబోతోందనే జాడ కనబడుతోంది. ఆ జాడ ఆమినస్. జరిగిపోయిన ఘోరం డ్రెడ్‌ఫుల్.

మా ఇల్లు విజయవాడ సింగ్‌నగర్‌లో, గ్రౌండ్ ఫ్లోర్. 2024 ఆగస్టు 31న కుండపోత వాన. ఆ రాత్రి బాత్రూం గొట్టంలోంచి గుడగుడమని చప్పుడు, మురుగునీరు పైకి తన్నడం మొదలైంది. మా అత్తయ్యగారు “ఇది మంచికి కాదర్రా, సామాన్లు మంచాలమీదికి ఎక్కించండి” అన్నారు. ఆ చప్పుడు ఆమినస్. మర్నాడు బుడమేరు వాగు ఇంట్లోకి వచ్చి, నడుంలోతు నీళ్లలో పిల్లల్ని ఎత్తుకుని మేడమీదికి చేరామే, అది డ్రెడ్‌ఫుల్. బుడమేరుని బెజవాడ దుఃఖదాయిని అని ఊరికే అనలేదు.

ఇంకో సంగతి. భయపడ్డది జరిగి తీరాలని లేదు. అదే వరదలో, కృష్ణానది ఒడ్డునున్న కృష్ణలంకలో మా పిన్నివాళ్లు ఫోన్లు పట్టుకుని ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటి ప్రవాహం అంకెలే చూస్తూ కూర్చున్నారు. సెప్టెంబరు 2న ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకి చేరింది. నది ఒడ్డున కట్టిన రిటైనింగ్ వాల్ (రక్షణ గోడ) అడ్డం ఉండబట్టి వాళ్లింట్లోకి నీళ్లు రాలేదు. అయినా పెరుగుతున్న ఆ అంకెలు ఆమినస్సే.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడ: ఆమినస్ అనే మాట భయపెట్టే వస్తువుకి, సంకేతానికి వాడతారు, భయపడే మనిషికి కాదు. ‘ఐ యామ్ ఆమినస్’ అంటే నన్ను చూసి ఎదుటివాళ్లు హడలిపోవాలన్నట్టు. ‘నా మనసు కీడు శంకిస్తోంది’ అని చెప్పాలంటే ‘ఐ యామ్ అప్రిహెన్సివ్’ అనండి, లేదా మామూలుగా ‘ఐ హావ్ ఎ బ్యాడ్ ఫీలింగ్’ చాలు. మబ్బులు, నిశ్శబ్దం, గొంతులో మార్పు, ఇలాంటివాటి పక్కన ఆమినస్ చక్కగా అతుకుతుంది: ‘ఆమినస్ క్లౌడ్స్’, ‘యాన్ ఆమినస్ సైలెన్స్’.

మాట పుట్టింది లాటిన్ ‘ఓమెన్’ నుంచి, అంటే శకునం. శకునంలాగే ఓమెన్ కూడా మంచిదో చెడ్డదో కావచ్చు, ‘గుడ్ ఓమెన్’ అనొచ్చు. ఆమినస్ మాత్రం ఎప్పుడూ చెడువైపే, కాబట్టి పెళ్లిచూపులనాడు ఎదురైన మంచి శకునానికి వాడకండి. పలికేటప్పుడు ఒత్తు మొదటి అక్షరం మీద.

డ్రెడ్‌ఫుల్‌కి ఇప్పుడు అంత బరువు లేదు. కాఫీ బాగాలేకపోయినా ‘డ్రెడ్‌ఫుల్ కాఫీ’ అంటారు, అందులో భయమేమీ ఉండదు. ఆమినస్‌ని అలా పలుచన చేయరు. రోజువారీ మాటల్లో తేలిగ్గా వాడాలంటే ఒక చోటుంది: మేనేజరు కారణం చెప్పకుండా “సాయంత్రం ఒకసారి క్యాబిన్‌కి రండి, మాట్లాడాలి” అన్నాడని స్నేహితుడు చెబితే, ‘దట్ సౌండ్స్ ఆమినస్’ అనొచ్చు.