మేనకోడలికి, ఫిల్టర్ బొమ్మ గీసే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన పొడుగాటి మెసేజ్ రెండుసార్లు చదివాను బిడ్డా. మొదటి ఏడాది చేసిన స్మార్ట్ డస్ట్‌బిన్, చూపు లేనివాళ్ల కోసం చేసిన సెన్సార్ కర్ర, ఇప్పుడు మొదలుపెట్టాలనుకుంటున్న, తాగే నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను తీసేసే ఫిల్టర్, చదువయ్యాక నీళ్లకు కష్టమున్న చోటికే వెళ్లి పనిచేయాలన్న కోరిక, అన్నీ రాశావు. చాలా సంతోషమేసింది. గ్రామీణ నీటి సరఫరాలో ఉద్యోగమంతా ఈ నల్లగొండ జిల్లాలోనే చేశాను కాబట్టి, నాకు తెలిసింది నీకు చెప్పడం నా బాధ్యత.

ముందు ఆ కర్ర సంగతి. ఎక్స్‌పోలో బహుమతి వచ్చిందన్నావు. దాన్ని చూపు లేని మనిషి ఎవరైనా ఒక రోజంతా పట్టుకుని బజారుకు వెళ్లివచ్చారా? వాళ్లు రోడ్డు దాటేది చెవులతో. బస్సు ఎటు నుంచి వస్తోందో, ఆటో ఎంత దూరంలో ఉందో వినే ఆ చెవి దగ్గరే మీ బజర్ మోగుతోంది. మోకాలి ఎత్తున ఉన్న సెన్సార్ ఎదురుగా ఉన్న గోడను చెబుతుంది కానీ, కాలి కింద మూత లేని మోరీని చెప్పదు. ఆ మోరీని చెప్పేది మామూలు కర్ర కొస. నీ పని చిన్నది చేయాలని ఇదంతా రాయడం లేదు. సర్క్యూట్ నేర్చుకోవడానికి ఆ ప్రాజెక్టు బాగా ఉపయోగపడింది. కానీ నేర్చుకోవడానికి చేసేది వేరు, ఒకరి చేతిలో పెట్టడానికి చేసేది వేరు. రెండోది చేయాలంటే నీ ల్యాబ్ వదిలి బయటికి రావాలి.

ఇక ఫిల్టర్. మన జిల్లా పేరుతోనే ఒక పద్ధతి ఉందని నీకు తెలిసే ఉంటుంది. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970లలో రూపొందించిన నల్లగొండ టెక్నిక్. కావాల్సినవి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్, ఒక బకెట్. వాటిని లెక్క ప్రకారం నీళ్లలో వేసి పది నిమిషాలు నెమ్మదిగా కలియబెడితే దూదిపింజల్లాంటి తెట్టు కడుతుంది. గంటసేపు కదపకుండా ఉంచితే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది. మడ్డి రాకుండా బకెట్‌కు కుళాయిని అడుగు నుంచి మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల ఎత్తున పెడతారు. కరెంటు అక్కర్లేదు, ఖరీదూ తక్కువ. కెమిస్ట్రీలో వంక పెట్టడానికి లేదు.

అయినా ఇళ్లలో నిలవలేదు. పటిక ఎంత వేయాలన్నది నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అన్నదాన్ని బట్టి మారుతుంది. బోరు బోరుకూ లెక్క వేరు. తెల్లారకముందే వంట చేసి, పిల్లలకు డబ్బా కట్టి, పత్తి ఏరడానికి కూలికి పోయే ఆడమనిషికి రోజూ ఆ గంట ఎక్కడ దొరుకుతుంది? పటిక ఎక్కువైతే నీళ్ల రుచి మారి ఇంట్లోవాళ్లు తాగరు. అడుగున మిగిలిన అల్యూమినియం మడ్డిని ఎక్కడ పారబోయాలి? పద్ధతి పుస్తకంలో నిలిచి ఇంట్లో నిలవకపోవడానికి ఇవే కారణాలు. వీటికి జవాబు వెతకడం కూడా ఇంజనీరింగే.

ఫ్లోరైడ్‌ను పట్టుకునే గుళికలు నింపిన యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్లదీ అదే దారి. కొన్నాళ్లకు ఆ గుళికల శక్తి అయిపోతుంది. కాస్టిక్ సోడాతో కడిగి, తర్వాత ఆమ్లంతో సరిచేసి మళ్లీ వాడాలి. ఊళ్లో ఆ పని ఎవరు చేయాలి? అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ఫిల్టర్ పనిచేసే రోజూ, పనిచేయడం మానేసిన రోజూ గ్లాసులో నీళ్లు ఒకేలా ఉంటాయి. మంచి నీళ్లనుకుని తాగుతూనే ఉంటారు. మరిగిస్తే పోతుందనుకునేవాళ్లూ ఉన్నారు, నిజానికి మరిగిస్తే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. సరిగ్గా ఇక్కడే నీలాంటి మెకానికల్ విద్యార్థి చేయగల పని కనిపిస్తోంది నాకు. ఇన్ని లీటర్లు దాటగానే కుళాయి దానంతటదే మూసుకుపోయే చిన్న ఏర్పాటు, బ్యాటరీ లేకుండా, గేర్లతో. కొత్త ఫిల్టర్ కనిపెట్టడం కంటే ఇది చిన్న పనిలా అనిపిస్తుందేమో కానీ, నేనైతే దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను.

బాగుచేసే మనిషిని తలుచుకుని డిజైన్ చేయడమంటే ఏమిటో తెలియాలంటే మన ఊరి బోరింగును చూడు. ఇండియా మార్క్ టూ పంపు గట్టిదే. కానీ లోపల వాషర్ అరిగితే పైపులన్నీ పైకి లాగాలి, దానికి ట్రైపాడ్, సామాన్లు, మనుషులు కావాలి. మార్క్ త్రీలో పైపు వెడల్పు పెంచారు. పైపులను కదపకుండానే పిస్టన్‌ను అందులోంచి పైకి తీసి వాషర్ మార్చేయొచ్చు. చూడ్డానికి అదే పంపు.

ఇంకొకరిని కూడా తలుచుకో. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు చదివింది ఆరో తరగతి. ఇక్కత్ చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని సిద్ధం చేయాలంటే, కొయ్య మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ, ఒక్కో చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడించాలి. అమ్మ భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి 1999 నాటికి లక్ష్మీ ఆసు యంత్రం పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం పూర్తవడానికే ఏడేళ్లు పట్టింది. నీకు సెమిస్టర్‌కు నాలుగు నెలలే ఉన్నాయని నాకు తెలుసు. అందుకే మొత్తం సమస్య నెత్తినేసుకోవద్దు, దానిలో ఒక ముక్క పట్టుకో.

ఆ ముక్క ఏదో తెలియాలంటే అడగాలి. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి, కృష్ణా నీళ్లు ఇంటికొస్తున్నాయి. మరి నీ ఫిల్టర్ ఎవరికి? నల్లా రాని రోజు ఏ నీళ్లు తాగుతున్నారు? పప్పు ఏ నీళ్లలో ఉడుకుతోంది? పొలం దగ్గర కూలీల బిందెలోకి నీళ్లు ఏ బోరువి? ఆర్వో పెడదామంటే, అది వదిలేసే ఫ్లోరైడ్ నీళ్లు ఏ గుంతలోకి పోతున్నాయి? ఫ్లోరైడ్‌ను తీయడానికి జంతువుల ఎముకలు కాల్చి చేసిన బొగ్గు బాగా పనిచేస్తుందని పుస్తకాల్లో చదువుతావు, నిజమే, కానీ ఏ ఇంట్లో ఆ ఎముకల మీంచి వచ్చిన నీళ్లు తాగుతారో అది కూడా అడుగు.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. నడుము వంగిన అవ్వల ఫొటోలు తీసి పీపీటీలో పెట్టొద్దు. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్ జబ్బు తిరిగి పోదు, వాళ్లకు నీ ఫిల్టర్‌తో ఒరిగేదేమీ లేదు, ఆ సంగతి వాళ్లకూ తెలుసు. అయినా మనవడి కోసం నీతో కూర్చుని మాట్లాడతారు. ఆ మాటలు నోట్‌బుక్కులో రాసుకో. ఫొటో కావాలంటే బోరుది తీసుకో.

ఉద్యోగమా, సేవా అని నువ్వు పడుతున్న టెన్షన్ నాకు అర్థం కావట్లేదు. ఫ్లూయిడ్ మెకానిక్స్, మెటీరియల్స్ బాగా చదువు, ఉద్యోగం వస్తే చెయ్యి. నిజాయితీగా ఎస్టిమేట్ వేసే అసిస్టెంట్ ఇంజనీర్ కూడా ఊరికి సేవ చేస్తున్నట్టే. దూరదేశాలకు పోవాలని ఉంటే పో, వద్దనను. తూర్పు ఆఫ్రికాలో రిఫ్ట్ లోయ పొడవునా నీళ్లలో ఇదే ఫ్లోరైడ్ ఉంది. టాంజానియా, ఇథియోపియాల్లో మన నల్లగొండ టెక్నిక్‌నే వాడి చూశారు. ఇక్కడ పత్తి చేల దగ్గర నేర్చుకున్నది అక్కడ పనికొస్తుంది.

దసరా సెలవులకు రా. మర్రిగూడ, చండూరు వైపు నేనే తీసుకెళ్తాను, ఆ ఊళ్లలో తెలిసినవాళ్లున్నారు. నమూనాలకు ప్లాస్టిక్ సీసాలే తెచ్చుకో, ఫ్లోరైడ్‌కు గాజువి వద్దు. సీసా మీద ఊరు, బోరు, తేదీ రాసే మార్కర్ మర్చిపోకు. రంగు మారే ఫీల్డ్ కిట్ అంచనాకే పనికొస్తుంది, మీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో కచ్చితంగా కొలిచే ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉందేమో ముందే కనుక్కో. లీటరుకు 1 మిల్లీగ్రాము, 1.5 మిల్లీగ్రాముల మధ్య తేడా తేల్చాల్సింది నువ్వు, అక్కడ అంచనాలు సరిపోవు. ఏ రోజు బయలుదేరుతున్నావో అమ్మతో ఫోన్ చేయించు.

నీ మామయ్య